పీకాల్సింది వైరు, హెడ్‌ఫోన్ కాదు

"పెట్టుకుంటే కుయ్ అంటాంది, తీసేస్తే ఏం లేదు. పాడైపోయింది నాన్నా, కొత్తది కొనియ్." పెద్దోడి లెక్క అది. పొద్దుటినుంచీ ఒళ్లు మండుతోంది. వాడంటే పిల్లోడు, పోనీలే. హెడ్‌ఫోన్లు అమ్ముకునే షాపతను కూడా అదే లెక్క చెప్పి, బంగారు పూత జాక్ ఉన్న వైరు అంటగట్టి పంపాడు. పూత వల్ల జాక్ తుప్పు పట్టదు. అంతకుమించి ఏ కుయ్యీ తగ్గదు.

తిరుపతిలో ఏ ఇంట్లోనైనా నెత్తిమీద ఫ్యాను, వీధిలో హారను ఉండనే ఉంటాయి. చెవిలో సొంత హోరు (టిన్నిటస్ అంటారే, అది) ఉన్నా ఆ గోలలో మునిగిపోతుంది. మూసి ఉండే హెడ్‌ఫోన్ పెట్టగానే బయటి చప్పుడు తగ్గి, లోపలిది పైకి తేలుతుంది. తీయగానే మళ్లీ మునుగుతుంది. అంటే చెవిదైనా, వైరుదైనా ఈ పరీక్షలో ఒకే జవాబు వస్తుంది. ఇక అది పరీక్షెలా అవుతుంది?

హెడ్‌ఫోన్ తలమీదే ఉంచి జాక్ పీకాలి. కరెంటు దారి తెగిపోయాక కూడా వినిపిస్తే అది పరికరానిది కాదు. బ్లూటూత్ దైతే చెవులమీద ఉండగానే స్విచ్ ఆపాలి. నాయిస్ క్యాన్సిలింగ్ వాటికి సొంత మైకుల సన్నని సుయ్ ఎటూ ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. తర్వాత కుడిఎడమలు మార్చి పెట్టుకోవాలి. చప్పుడు రెండో చెవికి మారితే పరికరం, మారకుండా అక్కడే ఉంటే చెవి.

వాల్యూమ్ తిప్పి చూస్తే చాలని చాలామంది అంటారు. సగం నిజం. పాట ఆపి నాబ్ తిప్పుతుంటే సుయ్ పెరిగిందంటే, అది నాబ్‌కి ముందున్న ఫోనులోనో డాక్ (డిజిటల్ పాటను కరెంటు అలగా మార్చే పరికరం)లోనో పుట్టింది. పెరగలేదంటే నాబ్ తర్వాతి యాంప్ (శబ్దాన్ని పెంచే భాగం) లో పుట్టి ఉండొచ్చు. చెవిలో దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లలో ఇది బాగా బయటపడుతుంది, మధ్యలో ఒక అటెన్యుయేటర్ (శబ్దాన్ని తగ్గించే చిన్న ముక్క) పెడితే అణుగుతుంది. కానీ చెవి హోరు కూడా నాబ్‌తో పెరగదుగా! అందుకే మళ్లీ జాక్ పీకడం దగ్గరికే రావాలి.

మరో మనిషికి పెట్టి చూడమని రాయబోయి ఆగాను. చిత్తూరులో తాతగారింటి డబ్బా టీవీ గుర్తొచ్చింది. సౌండు పూర్తిగా తగ్గించినా సన్నగా కీ...మని అరిచేది. వరండాలో ఉన్న పిల్లలం టీవీ పెట్టారని చూడకుండానే చెప్పేవాళ్లం. తాత మాత్రం "ఏమీ లేదు, మీ చెవుల్లో గుబిలి" అని కొట్టిపారేసేవాడు. ఆ టీవీ తెరమీద 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, హెచ్చిస్తే 15,625 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని ఊపుల కీచు. ఆ చప్పుడు అక్కడ ఉన్నదే. తాత వయసు చెవికి అందలేదు, అంతే. మేం అబద్ధాలకోరులమని ఆ వేసవంతా తిట్లు తిన్నాం.

అంటే నాకు వినపడలేదు కాబట్టి పెద్దోడి కుయ్ ఉత్తిదని అనే హక్కు నాకూ లేదు. పరీక్ష వాడి చెవులతోనే జరగాలి, అదీ జాక్ ఉందో లేదో వాడికి తెలియకుండా. 1953లో హెల్లర్, బెర్గ్మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి ఏమైనా వినిపిస్తే చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో వినిపించిందన్నారు. చెవి ఒగ్గి కూర్చుంటే ఏదో ఒకటి వినపడుతుంది. అందుకని వాణ్ణి అటు తిప్పి కూర్చోబెట్టాలి, నాణెం ఎగరేసి జాక్ పెట్టాలి లేదా పీకాలి. జాక్ టిక్ శబ్దం దొరికిపోకుండా, ప్రతిసారీ హెడ్‌ఫోన్ తీయించి వాణ్ణి గది బయటికి పంపాకే పెట్టడమో పీకడమో. పదిసార్లలో తొమ్మిదో పదో సరిగ్గా చెబితే, గుడ్డిగా తగిలే అవకాశం నూటికి ఒకటే.

మావాడికి ల్యాప్‌టాప్‌తో ఇదే పరీక్ష పెట్టాను. అది చార్జర్‌లో ఉండగా ఇట్టే పట్టేశాడు. బ్యాటరీ మీద తడబడ్డాడు. ఆ చార్జర్‌ది రెండు పిన్నుల ప్లగ్గు. ల్యాప్‌టాప్ రేకు ఒంటిమీద వేలి వెనకవైపు తేలిగ్గా రాస్తే జివ్వుమంటుంది, వేలు ఆనించి ఉంచితే చప్పుడు తీరు మారుతుంది. ఎర్త్ పిన్ను లేక రేకులోకి పారే సన్నని కరెంటు లీకేజీ అది. కరెంటు గుంయ్ మనకు 50 హెర్ట్జ్, దాని మీద 100, 150 మెట్లు. మౌసు జరిపినప్పుడల్లా వచ్చే కిచకిచ వేరు, అది యూఎస్‌బీది. వాడి లెక్క తప్పే, తీర్పు సగం ఒప్పు. హెడ్‌ఫోన్ కొనక్కర్లేదు, మూడు పిన్నుల చార్జర్ చాలు. ఈ సంతోషం అయిదు నిమిషాలే. షాపతని వైరు డబ్బులు గుర్తొచ్చి మళ్లీ మంట.

ఒకే శ్రుతిలో సాగే కీచుకైతే ఇంకో దారి ఉంది. ఫోనులో టోన్ జనరేటర్ పెట్టి ఆ శ్రుతి దగ్గరికి తీసుకెళ్లాలి. తేడా రెండు హెర్ట్జ్ అయితే పరికరపు కీచుతో కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. చెవి హోరు మాత్రం ఎంత దగ్గరికెళ్లినా సాధారణంగా ఊగదు.

కొండ దిగొచ్చిన రాత్రి ఇవేవీ వద్దు. ఘాట్ రోడ్డులో చెవులు పట్టేసి ఉంటే బయటిది తగ్గి లోపలిదే పెద్దదవుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఫ్యాను మూలుగుతున్నప్పుడూ వద్దు. హోరు నాడితో పాటు కొట్టుకుంటున్నా, ఒక చెవిలోనే ఉన్నా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే అదే రోజు.

అన్నమయ్య కీర్తనల పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఫైళ్లది మూడో రకం. పాటతో మొదలై పాటతో ఆగే సుయ్ టేపుది. దాన్ని వదిలించాలని ట్రెబుల్ తగ్గించారో, వయొలిన్ కూడా మూగబోతుంది.