రూబీ ఉడుంపట్టు

నవంబరు, శనివారం రాత్రి

వరసగా నాలుగు నైట్ డ్యూటీలు. ఇవాళ పదింటిదాకా లేవకూడదని నిన్ననే గట్టిగా అనుకున్నాను. ఎనిమిది కాకుండానే తలుపు చప్పుడు. పక్కింటి పెద్దాయన. ఒక చేతిలో చిన్న సంచి, రెండో చేతిలో బెల్టు, ఆ బెల్టు చివర రూబీ. ఆయనకి ఇవాళ కంట్లో శుక్లం తీస్తారు, కుక్కని సాయంత్రం దాకా నేను చూసుకోవాలి. పోయిన వారమే ఒప్పుకున్నానట. నాకు గుర్తే లేదు.

"చూస్కుంటావుగా, బాబ్?" అన్నాడు. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళని ముద్దుగా అలాగే పిలుస్తారు. బర్మింగ్‌హామ్ దగ్గరికి కాపురానికొచ్చిన కొత్తలో, నన్నెందుకు బాబూ అంటున్నారో తెలీక జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకున్నానేమో అనుకున్నాను.

వెళ్ళేముందు జాగ్రత్తలు చెప్పాడు. మధ్యాహ్నం ఒక గిన్నె తిండి. పార్కులో బెల్టు విప్పొద్దు. వంటగుడ్డ అందేచోట పెట్టొద్దు. మొదటి రెండూ బుర్రకెక్కాయి.

రూబీ స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, ముద్దుగా స్టాఫీ. ఎత్తు నా మోకాలు దాటదు, బరువు 14 కిలోలు. పీపాలాంటి ఛాతీ, చెంపల దగ్గర రెండు ఉల్లిపాయలు దాచుకున్నట్టు కండలు, ఈ చెవినుంచి ఆ చెవిదాకా నోరు. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ ఫోను దూరం జరిపింది. "అదేం నోరే, మొసలికున్నట్టుంది! పిల్లల్ని పీక్కు తినే కుక్కలని టీవీలో చూపిస్తారే, అవి ఇవేనా?"

అవి కాదన్నాను. కాదని అంత ధీమాగా ఎలా అన్నానో ఆలోచిస్తే నాకే ఆశ్చర్యమేసింది. చుట్టరికం ఉంది మరి. ఈ దేశంలో 1991 చట్టం నిషేధించిన నాలుగు రకాల్లో పిట్ బుల్ టెర్రియర్ ఉంది. మొన్న మొన్న, 2024 ఫిబ్రవరి నుంచి, అనుమతి పత్రం లేకుండా ఎక్స్ఎల్ బుల్లీ అనే భారీ కుక్కని ఉంచుకోవడం నేరమైంది. స్టాఫీ మీద నిషేధం లేదు. ముగ్గురూ ఒక తాత మనవలే, కాకపోతే వీసాలు వేరు.

ఆ తాత సంగతి నాకు ఎలా తెలుసంటే, మేముండేది క్రేడ్లీ హీత్‌కి ఇటుపక్కే. గొలుసుల ఊరు అది. ఒకప్పుడు ఇక్కడ పెరట్లో కొలిమి పెట్టుకుని ఆడవాళ్ళు కూడా గొలుసులు కొట్టేవారు. 1910లో కూలి కోసం సమ్మె చేసి గెలిచారు. ఆ ఊళ్ళోనే, క్రాస్ గన్స్ అనే పబ్బులో, 1935లో స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్ క్లబ్బు పెట్టారు. అదే ఏడు, కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్బు దీన్ని ఒక జాతిగా గుర్తించింది. అంటే దొడ్డిదారిన పబ్బు నేలమాళిగల్లో కొట్లాడిన కుక్కకి దొరబాబుల పుస్తకంలో పేరెక్కింది. పబ్బు నడిపిన జో మాలెన్ గొలుసు పనివాడే. ఆయన కుక్క జెంటిల్‌మన్ జిమ్ 1939లో ఈ జాతికి దక్కిన మొదటి ఛాంపియన్లలో ఒకటి. పేరు చూడండి, జెంటిల్‌మన్! అవసరమైంది ఆ మాటే.

పదకొండింటికి పార్కుకి తీసుకెళ్ళాను. ఎదురుగా ఒకావిడ చిన్న తెల్ల కుక్కతో వస్తోంది. మమ్మల్ని చూడగానే కుక్కని చంకన వేసుకుని రోడ్డు దాటేసింది. రూబీ తోకాడిస్తూనే ఉంది. నాకు మాత్రం చివుక్కుమంది. ఇక్కడికొచ్చిన మొదటేడు బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగా ఉండిపోయిన రోజు గుర్తొచ్చింది. మళ్ళీ నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడ చేసిన దాంట్లో తప్పేముంది? బెల్టు విప్పొద్దని పెద్దాయన నాకు చెప్పింది కూడా ఊరికే కాదు కదా.

బర్మింగ్‌హామ్‌లో బుల్ రింగ్ అని పెద్ద మాల్ ఉంది. ముందు కంచు ఆంబోతు. వచ్చిన కొత్తలో దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని అమ్మకి పంపాను, నందిలా ఉందని మురిసిపోయింది. ఆ పేరెందుకొచ్చిందో తర్వాత తెలిసింది. ఆ సంతలో ఇనుప కడియానికి ఆంబోతుని కట్టి కుక్కల్ని ఉసిగొల్పేవారు. ఆంబోతుకి చుట్టూ కొన్ని గజాలు తిరిగేంత తాడు వదిలేవారు. కోపం చాలకపోతే ముక్కులోకి మిరియాల పొడి ఊదేవారు. కుక్క నేలకి కరుచుకుని పాక్కుంటూ వెళ్ళి కొమ్ముల కిందనుంచి దూరి ముక్కు పట్టాలి. పట్టాక వదలకూడదు. విసిరేసినా, కాళ్ళు గాల్లో తేలినా సరే.

ఇంకో వింత. ఇలా కుక్కలు కరిచిన ఆంబోతు మాంసం మెత్తగా ఉంటుందని నమ్మకం. కొన్ని ఊళ్ళలో కుక్కల్ని వదలకుండా కోసిన ఆంబోతు మాంసం అమ్మితే కసాయికి జరిమానా కూడా వేసేవారు. ఇది మొదటిసారి చదివినప్పుడు ఫక్కున నవ్వాను, ఎందుకంటే పందెంలో పోయిన కోడి కూర రుచే వేరని పోటీ పడి కొనుక్కెళ్ళేవాళ్ళ మధ్య పుట్టాను నేను. మాది భీమవరం పక్క పల్లెటూరు.

ఈ ఆట మాన్పించాలని పార్లమెంటులో 1800లోనే బిల్లు పెడితే రెండంటే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. విండమ్ అనే పెద్దమనిషి అడ్డంపడ్డాడు. మీరు గుర్రాలెక్కి నక్కల్ని తరమొచ్చు గానీ పేదవాడు తన సరదా తీర్చుకోకూడదా, అని ఆయన వాదన. దుర్మార్గాన్ని వెనకేసుకొచ్చే వాదనే, ఒప్పుకుంటాను. కానీ అందులో సగం నిజం లేకపోలేదు. నక్కల వేటని ఇంగ్లండులో ఆపింది 2005లో. ఆంబోతుల ఆట 1835 చట్టంతోనే ఆగింది. కోడిపందేలూ, కుక్కల కొట్లాటలూ ఆ చట్టంలోనే నేరమయ్యాయి.

కాకపోతే ఆంబోతుని దాచలేరు, కుక్కని దాచొచ్చు. చట్టం వచ్చాక ఆటంతా పబ్బుల వెనక గదుల్లోకి, మేడిపండు పొట్టలోకి పురుగులు చేరినట్టు చేరింది. అక్కడికి ఆంబోతుల మీదికి వదిలే బరువైన బుల్‌డాగ్ పనికిరాదు, చురుకైనది కావాలి. పాత బుల్‌డాగ్ పట్టునీ, ఎలకల్ని పట్టే టెర్రియర్ వేగాన్నీ కలిపిన కుక్కలు అప్పటికే ఉన్నాయి. లండన్ వెస్ట్‌మినిస్టర్ బరిలో 1823లో బిల్లీ అనే కుక్క వంద ఎలకల్ని అయిదున్నర నిమిషాల్లో చంపిందని రాసుకున్నారు. ఎలకకి మూడు సెకన్లు కొంచెం పైన. మా వార్డులో చేతులు కడుక్కోడానికే ఇరవై సెకన్లు పట్టాలంటారు.

కుక్కల బరి గురించి చదువుతుంటే నాకు అనువాదం అక్కర్లేకపోయింది. నడుమెత్తు చెక్కలు కట్టిన బరి. మధ్యలో గీత. కుక్క మొహం తిప్పుకుంటే రెంటినీ విడదీసి మూలకి తీసుకెళ్ళి తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ వదులుతారు. గీత దాటి తనంతట తను వెళ్తే ఆట ఉన్నట్టు, లేకపోతే ఓడినట్టు. మా పెదనాన్న కూడా అంతే. పుంజు తూలితే ఎత్తుకుని, నోట్లో నీళ్ళు పోసుకుని దాని మొహం మీదకి తుంపరగా ఊదేవాడు. రెక్క కింద చెయ్యి పెట్టి గుండె చూసేవాడు. ఇంట్లో పిల్లలకి లేని బాదంపప్పు దానికుండేది. చిన్నప్పుడు ఒక డేగ రంగు పుంజుని నా ఒళ్ళో కూర్చోబెట్టి "పట్టుకో తల్లీ, నిన్నేం చెయ్యదు" అన్నాడు. దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకోవడం ఇప్పటికీ తెలుస్తుంది. ఆ సంక్రాంతికి అది తిరిగి రాలేదు.

బరిలో అన్నిటికన్నా నన్ను ఆపింది ఒక చిన్న విషయం. కొట్లాటకి ముందు ఒకరి కుక్కని ఇంకొకరు కడిగేవారు. ఒంటికి మిరియాలో విషమో పూశారేమో అని ఎదుటివాడి కుక్కని నాలుకతో నాకి చూసేవారు కూడా. కొట్లాట మధ్యలో చేతులు పెట్టి విడదీసేవారు. అంటే, ఎదుటి కుక్కని చంపేంత పంతం ఉండాలి, కానీ అదే క్షణంలో ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పడితే ఊరుకోవాలి. ఈ రెండూ ఒకే ఒంట్లో కావాలని కోరింది మనుషులు. రూబీ ఎవరికైనా పొట్ట చూపించి పడుకుంటుంది. అది మంచితనమే అనుకుని మురిసేదాన్ని. ఆ మంచితనం వెనక ఎవరిదో లెక్క ఉందని తెలిశాక పొట్ట నిమరడం మానలేదు గానీ, ఒక్క క్షణం ఆగి నిమిరాను.

ఈ జాతిని ప్రేమించేవాళ్ళు వీటిని ఆయా కుక్కలంటారు, పూర్వం పిల్లల్ని వీటికి అప్పగించేవారట. అది ఈమధ్య అల్లిన ముద్దు కథ. పగబట్టినవాళ్ళు పుట్టుకతోనే హంతకులంటారు. 2022లో సైన్స్ పత్రికలో 18 వేలకి పైగా కుక్కల మీద ఒక అధ్యయనం వచ్చింది. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే అని తేల్చారు. నాకు ఊరటగానే ఉంది. కానీ ఆ దవడ మాత్రం తొమ్మిది శాతం దవడ కాదు. కరిచే కుక్కలు ఎన్నో ఉండొచ్చు. ఇది కరిస్తే జరిగే నష్టం వేరు.

బుల్ టెర్రియర్లలో తెల్లవాటి కథ ఇంకా తమాషా. బర్మింగ్‌హామ్‌లోనే జేమ్స్ హింక్స్ అనే కుక్కల వ్యాపారి ఈ కొట్లాట కుక్కలోకి తెల్ల టెర్రియర్‌నీ, డాల్మేషన్‌నీ కలిపి 1862లో మల్లెపువ్వులాంటి కుక్కని ప్రదర్శనలో నిలబెట్టాడు. రక్తపు మరక కనపడే రంగు ఏరికోరి ఎంచుకున్నాడంటే ఇక ఇది బరి కోసం కాదు, బజారు కోసం. తెలుపుతో పాటు చెవుడు కూడా వచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. అన్నట్టు తాతయ్య దగ్గరుండే ఘంటసాల రికార్డుల మీద గ్రామఫోను ముందు తల పక్కకి వంచి కూర్చునే హెచ్ఎంవీ కుక్క నిప్పర్, దాంట్లోనూ బుల్ టెర్రియర్ పాలు కొంత ఉందంటారు. వచ్చినవాళ్ళ పిక్కలు పట్టేదని ఆ పేరు పెట్టారట. అమ్మకి ఈ మాట చెప్తే "అది మంచి కుక్కే" అంది వెంటనే. దాన్ని మాత్రం ఒప్పుకుంది.

మధ్యాహ్నం పప్పు కుక్కర్ ఎక్కించాను. వంటగుడ్డ అవెన్ పిడికి వేలాడుతోంది. మూడో జాగ్రత్త అప్పుడు గుర్తొచ్చింది, అప్పటికే ఆలస్యమైంది. రూబీ గుడ్డ చివర పట్టుకుని నాకేసి చూసింది. నేను లాగాను. అదే నేను చేసిన తప్పు. కళ్ళు సగం మూసుకుంది, నాలుగు కాళ్ళూ టైల్స్ మీద పాతేసింది. "వదులు" అన్నాను, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో రెండుసార్లు. బిస్కెట్ చూపించాను. గుడ్డ పైకెత్తితే ముందు కాళ్ళు లేచాయి, ముక్కుతో బుసబుసా ఊపిరి తీసుకుంటూ అలాగే వేలాడింది. అరవడం లేదు, కోపం లేదు, తోక ఊగుతూనే ఉంది. ఉడుంపట్టు అనే మాట చిన్నప్పట్నించీ వాడుతున్నాను, దాని బరువెంతో మణికట్టుకి తెలిసింది ఇవాళే. రెండొందల ఏళ్ళ కింద ఏ సంతలోనో మట్టి కొట్టుకుపోయిన ఆంబోతు ముక్కు నా వంటింట్లో నీలం గళ్ళ గుడ్డ అయి కూర్చుంది.

ఇంతలో కుక్కర్ విజిల్ వేసింది.

గుడ్డా లేదు, పంతమూ లేదు. ఒక్క ఉదుటున సోఫా వెనక్కి దూరింది. రెండో విజిల్‌కి మొహం గోడకి పెట్టుకుంది. స్టవ్ కట్టేసి, నేల మీద కూర్చుని వీపు రాస్తుంటే ఒళ్ళంతా వణుకు. గుండె టకటకా కొట్టుకుంటోంది. పప్పు సగం ఉడికింది, రాత్రి అదే పలుకులుగా తిన్నాను.

అయిదింటికి పెద్దాయన వచ్చాడు, ఒక కంటి మీద ప్లాస్టిక్ మూత. సంగతంతా చెప్పాను. విజిల్ దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు, కన్ను నొప్పెట్టి మళ్ళీ ఆపుకున్నాడు. వాళ్ళ తాత గొలుసుల షెడ్డులో పనిచేసేవాడట, కుక్కలుండేవట. "అవి ఏం చేసేవో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు" అన్నాడు. రూబీ మటుకు రెస్క్యూ సెంటర్ నుంచి వచ్చింది. చెవి మీద పాత మచ్చ ఒకటుంది. అదెలా అయిందో ఆయనకీ తెలీదు.

రాత్రి అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"వెళ్ళిపోయిందా ఆ మొసలి?"

"వెళ్ళిపోయిందమ్మా."

"నిన్నేం చెయ్యలేదుగా?"

"వంటగుడ్డకి నాలుగు చిల్లులు. అంతే."

కాసేపు ఊళ్ళో కబుర్లు చెప్పింది. కోర్టు వద్దందనీ, పోలీసులు బోర్డులు పెట్టారనీ, అయినా పెదనాన్న ఈ సంక్రాంతికి మూడు పుంజుల్ని దించుతున్నాడనీ. పొద్దున్నే చెరువులో ఈత కొట్టిస్తున్నాడట. ఈ వయసులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి.

ఏదో అనాలనుకున్నాను. 1835 అనో, ఇంకోటో.

"ఏం రంగువి?" అన్నాను.

"రెండు కాకులు. ఒకటి డేగ."