యమాల్ 10, చిట్టి 1: పిల్లలకు ఫుట్‌బాల్ జెర్సీలు కొన్న నా అనుభవం

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లలకు జెర్సీ కొనాలంటే షాపులో అడుగుపెట్టే ముందే సగం పని అయిపోయి ఉండాలి. ఏ జట్టో తెలిస్తే చాలదు, ఏ సీజన్‌ది, ఎవరి పేరు, ఏ నంబరు, సొంత మైదానంలో వేసుకునే హోమ్ జెర్సీనా, బయట ఆడేటప్పుడు వేసుకునే ఎవే (away) జెర్సీనా, ఇవన్నీ తేలాకే డబ్బులు తీయాలి. పోయిన దసరాకు మా అన్నయ్య పిల్లల కోసం బెంగళూరులో ఇదంతా నేనే దగ్గరుండి చేశాను కాబట్టి, ఇలాంటి గిఫ్టే ఇద్దామనుకునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మాది అనంతపురం. అనంతపురంలో ఫుట్‌బాల్ ఏంటని ఆఫీసులో చాలామంది అడుగుతుంటారు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్, మావాళ్లంతా ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకునే ఆయన, పుట్టింది 1920లో బార్సిలోనాలో. 1969లో మా జిల్లాకొచ్చారు, 2009లో కన్నుమూసేదాకా మా మనిషిగానే ఉన్నారు. బత్తలపల్లి ఆసుపత్రి, బడులు, ఇళ్ల సంగతి అందరికీ తెలుసు. అదే సంస్థ ఊళ్లో పిల్లల చేత ఫుట్‌బాల్ కూడా ఆడిస్తోంది. మా మేనల్లుడికి 14 ఏళ్లు, సాయంత్రమైతే గ్రౌండ్‌లోనే ఉంటాడు. మా ఊరి పిల్లాడు బార్సిలోనా జట్టంటే ప్రాణం పెట్టడం నాకైతే చాలా సహజంగా అనిపిస్తుంది. వాడి చెల్లెలికి పదేళ్లు, మేమంతా చిట్టి అంటాం. చిట్టి గోల్‌కీపర్.

ముందు మేనల్లుడికి అనుమానం రాకుండా ఫోన్‌లో మాటల్లో పెట్టాను. ఈ మధ్య ఎవరు బాగా ఆడుతున్నారు నాన్నా అని అడిగానో లేదో, ఇక ఆపలేదు. "అత్తా, యమాల్‌కి ఇప్పుడు 10 ఇచ్చారు తెలుసా? మెస్సీ నంబర్ అది!" అన్నాడు. అప్పుడే అర్థమైంది అసలు విషయం. బార్సిలోనా జట్టు కుర్రాడు లమీన్ యమాల్ 2023-24 సీజన్‌లో 27 వేసుకునేవాడట, తర్వాత 2024-25లో 19, ఆ తర్వాత 2025 జులైలో, 18 ఏళ్లు నిండాక, 10 ఇచ్చారు. రొనాల్డీన్యో, మెస్సీ వేసుకున్న నంబరు అది. మనకు మూడూ యమాల్ జెర్సీలే. వాడికి మాత్రం 19 అంటే పోయినేడాది, 10 అంటే ఇప్పుడు. బ్రిగేడ్ రోడ్డులో ఒక షాపులో 19 నంబరుది తగ్గింపులో ఉంది, ఎవరు చూస్తారు మేడమ్, పిల్లాడికే కదా అన్నాడు షాపతను. చూసేది ఆ పిల్లాడే కదా! అందుకే వద్దని వచ్చేశాను. పిల్లలు వాళ్లకిష్టమైనవాటిని ఎంత శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటారో, వాళ్లకు కొనేటప్పుడు మనమూ అంతే శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక రకాలు. పెద్ద క్లబ్బుల జెర్సీలు రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి ప్లేయర్ వెర్షన్, అంటే మైదానంలో ఆటగాళ్లు వేసుకునే లాంటిది, ఒంటికి పట్టినట్టు ఉంటుంది, బట్ట పల్చగా ఉంటుంది, క్లబ్ గుర్తు వేడితో అతికించి ఉంటుంది. రెండోది ఫ్యాన్ వెర్షన్, కాస్త వదులుగా ఉంటుంది, క్లబ్ గుర్తు కుట్టి ఉంటుంది, ధర బాగా తక్కువ. రోజూ వేసుకుని, ఉతికి, మళ్లీ వేసుకునే పిల్లలకు ఫ్యాన్ వెర్షనే మేలు, ఎందుకంటే అతికించిన గుర్తు వాషింగ్ మెషీన్ దెబ్బకు అంచుల్లో లేచిపోయే అవకాశం ఎక్కువ. ఈ రెండూ కాక మూడో ప్రపంచం ఒకటుంది, కాపీలది. మెజెస్టిక్ వైపు ఫుట్‌పాత్ మీద, ఫోన్‌లో వచ్చే ప్రకటనల్లో "ఫస్ట్ కాపీ", "మాస్టర్ కాపీ", "థాయ్ క్వాలిటీ" అంటూ రకరకాల పేర్లతో చెప్తారు. అవన్నీ నకిలీలే, నాణ్యతలోనే తేడా. కాపీ అని చెప్పి అమ్మితే కొనేవాళ్లు తెలిసే కొంటారు. నాకు కోపం వచ్చింది ఇంకోచోట.

ఒక ఆన్‌లైన్ అమ్మకందారు కంపెనీ ఫొటోలే పెట్టి, ఒరిజినల్ అని రాసి, ఒరిజినల్‌కు కాస్త తక్కువ ధర పెట్టాడు. వచ్చిన పార్సిల్ విప్పగానే నాకు అనుమానం వచ్చింది. మా ఆఫీసు టీమ్‌లో బెంగళూరు ఆస్టిన్ టౌన్‌లో పుట్టి పెరిగిన ఒకాయన ఉన్నారు, చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఆట ఎరగని మనిషి. ఆయన తన ఒరిజినల్ జెర్సీ తెచ్చి నా టేబుల్ మీద రెండూ పక్కపక్కనే పరిచారు. ముందు లోపలి వైపు తిప్పమన్నారు. క్లబ్ గుర్తు వెనక ఒరిజినల్‌లో కుట్టు శుభ్రంగా, దారాలు వేలాడకుండా ఉంది, నాకొచ్చినదాంట్లో తెల్ల కాగితం లాంటి ముక్క ఒకటి చిరిగి అలాగే వదిలేసి ఉంది. తర్వాత పక్క కుట్టు దగ్గర ఉండే చిన్న లేబుల్ చూపించారు. నైకీ జెర్సీ అయితే దాని మీద స్టైల్ కోడ్ ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు, ఒక అడ్డగీత, ఆ తర్వాత రంగును తెలిపే మూడంకెలు. ఆ కోడ్ గూగుల్‌లో కొడితే అదే జెర్సీ రావాలి. నాకొచ్చినదాని కోడ్ కొడితే వేరే జట్టు జెర్సీ వచ్చింది! నకిలీలు చేసేవాళ్లు చాలాసార్లు ఒకే లేబుల్‌ను అన్నింటికీ కుట్టేస్తారట. లేబుల్ మీది కోడ్, ధర ట్యాగ్ మీది కోడ్ ఒకటే ఉందో లేదో కూడా చూడాలి. ఆ ఫొటోలన్నీ పెట్టి వాపసు అడిగితే మొదట కుదరదన్నారు, కోడ్ ఫొటో పంపాక మారుమాట లేకుండా డబ్బు వెనక్కి వేశారు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, అది నాకు బాగా ఉపయోగపడింది.

చివరికి బ్రాండ్ షాపులోనే తీసుకున్నాను. ఇక్కడ సైజు గురించి ఒక మాట. పిల్లల సైజులు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి చూడాలి. నైకీ చార్టులో పిల్లల ఎక్స్‌ఎల్ అంటే దాదాపు 158 నుంచి 170 సెంటీమీటర్ల ఎత్తుకు. మా వాడు 160 పైనే ఉన్నాడు కాబట్టి పెద్దవాళ్ల స్మాల్ అయినా సరిపోయేది, కానీ పిల్లల ఎక్స్‌ఎల్ ధర తక్కువ, పైగా చేతులు, భుజాలు వాడికి కుదురుగా ఉన్నాయి. వదినకు ఫోన్ చేసి గోడకు నిలబెట్టి కొలవమన్నాను. ఆవిడ కొలిచారు, కొలుస్తూనే అడిగారు: "ఏమ్మా, ఒక్క చొక్కాకు అంత డబ్బా? దాంతో ఇంటిల్లిపాదికీ బట్టలొస్తాయి కదా!" వదిన మాట నిజమే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ. 2,500 దాటిన బట్టల మీద జీఎస్టీ 18 శాతం అయింది, అంతకు లోపు ఉంటే 5 శాతమే. ఎమ్మార్పీలోనే కలిసి ఉంటుంది కాబట్టి మనకు విడిగా కనిపించదు, అంతే. కానీ వాడు ఏడాదంతా నన్ను ఒక్క వస్తువూ అడగలేదు. ఆ మాటే వదినకు చెప్పాను, ఇక ఏమీ అనలేదు.

పేరు, నంబరు అచ్చు వేయించడం విడి పని. అచ్చు పడ్డాక మామూలుగా షాపులు వాపసు తీసుకోవు, కాబట్టి ముందు ఖాళీ జెర్సీ సైజు సరిపోతుందని రూఢి చేసుకోవాలి. క్లబ్ వాడే ఫాంట్‌లోనే అక్షరాల సెట్ ఉందా అని అడగండి, లేకపోతే ఏదో మామూలు ఫాంట్‌లో వేసి ఇస్తారు, పిల్లలు దూరం నుంచే పట్టేస్తారు. యమాల్ జెర్సీ వెనక లమీన్ యమాల్ అని రెండు ముక్కలూ ఉంటాయి, ఒక్క యమాల్ అని కాదు. ఆస్టిన్ టౌన్ ఆయన చెప్పిన ప్రింటింగ్ షాపులో ఆ సెట్ దొరికింది.

చిట్టి గిఫ్ట్‌కు నేను ఎక్కువ తిరిగాను. ఏ షాపుకెళ్లినా అమ్మాయికి అనగానే మెస్సీదో, గులాబీ రంగు ఇంటర్ మియామీ క్లబ్‌దో తీసి చూపిస్తారు. కీపర్ జెర్సీ కావాలండీ, పదేళ్ల పిల్లకు అంటే, అది పెద్దవాళ్లకే రాదు మేడమ్ అన్నారు. పేరున్న క్లబ్బుల కీపర్ జెర్సీలు పిల్లల సైజులో నాకు ఎక్కడా దొరకలేదు. అప్పుడు దారి మార్చాను. జలంధర్‌లో తయారయ్యే నివియా, వెక్టర్ ఎక్స్ లాంటి మన బ్రాండ్ల గ్లవ్స్ పిల్లల సైజుల్లో బాగానే దొరుకుతాయి. గ్లవ్స్ కొనాలంటే బొటనవేలు వదిలేసి, వేళ్ల కణుపుల దగ్గర అరచేయి చుట్టుకొలత తీసుకుని ఆ కంపెనీ చార్టులోనే చూసుకోవాలి, వేళ్ల చివర కొంచెం ఖాళీ ఉండాలి. జెర్సీకి పొడుగు చేతులున్న సాదా స్పోర్ట్స్ టీషర్ట్ తీసుకున్నాను. రంగు మాత్రం ఇష్టమొచ్చింది తీసుకోకూడదు. ఆట నియమాల ప్రకారం కీపర్ రంగు రెండు జట్ల ఆటగాళ్లకూ, రిఫరీలకూ వేరుగా ఉండాలి. స్కూల్ జట్టుది నీలం అని వదిన చెప్పారు, అందుకే నారింజ రంగు తీసుకున్నాను.

వెనక ఎవరి పేరు వేయాలి? చాలా ఆలోచించి దాని పేరే వేయించాను, తెలుగులో. ప్రింటింగ్ షాపు అబ్బాయికి తెలుగు రాదు, కన్నడ వచ్చు కాబట్టి అక్షరాలు పోల్చుకోగలిగాడు. వినైల్ షీట్ మీద మెషీన్ అక్షరాలను కోస్తుంది, ఆ తర్వాత అక్కర్లేని భాగాన్ని చిన్న శ్రావణంతో పట్టి లాగేయాలి. ఇంగ్లిష్ అక్షరాలు చకచకా వచ్చేస్తాయి. "చిట్టి"లో టకారం కింద ఒత్తు విడి ముక్క కదా, షీట్‌తో పాటు అదీ లేచి వచ్చేస్తోంది. ఆ అబ్బాయి ఓపిగ్గా ఫాంట్ కాస్త లావు చేసి, ఒత్తును అక్షరానికి తగిలేలా జరిపి, మళ్లీ కోశాడు. కాలర్ కింద స్కేలు పెట్టి కొలిచి, నంబర్ 1 నడుమకు వచ్చేలా పరిచి, హీట్ ప్రెస్ కింద పెట్టాడు. తీశాక వెంటనే పై ప్లాస్టిక్ ఊడదీయనివ్వలేదు, చల్లారాకే తీయాలన్నాడు. నారింజ మీద నల్లటి తెలుగు అక్షరాలు, కింద పెద్ద 1. ఆ షాపులో ఉన్నవాళ్లంతా ఒకసారి చేతుల్లోకి తీసుకుని చూశారు. బార్సిలోనా జెర్సీ కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

పిల్లలిద్దరికీ అయ్యాక అన్నయ్య ఒక్కడే మిగిలాడు, అతనూ బళ్లో ఉన్నప్పుడు ఆడినవాడే. అతని కోసం బెంగళూరు ఎఫ్‌సీ నీలం జెర్సీ, ఛెత్రీ 11 తీసుకున్నాను. ఇది పూర్తిగా ఆస్టిన్ టౌన్ ఆయన సలహా. యూరప్ జట్ల మీద అంత డబ్బు పెడుతున్నారు, నడిచి వెళ్లి చూడగలిగే జట్టుది ఒక్కటైనా కొనరా అని అడిగారు, నాకు చాలా న్యాయంగా అనిపించింది. 2013లో మొదలైన క్లబ్ ఇది, మొదటి నుంచీ సునీల్ ఛెత్రీతో ముడిపడిన క్లబ్, 2018-19లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఛెత్రీ అంటే భారత జట్టుకు అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడు. కంఠీరవ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు అభిమానులు కూర్చునే వెస్ట్ బ్లాక్ వైపు ఆ నీలం జెర్సీలు, స్కార్ఫులు, డప్పులు చూస్తే ఈ ఊళ్లో ఫుట్‌బాల్ పిచ్చి ఎంతో తెలుస్తుంది. హలసూరు దగ్గర గౌతమపురలో పెలే విగ్రహం ఉంది, ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి.

అనంతపురంలో కవర్ విప్పి మా వాడు ముందు ముందరి వైపు చూడలేదు, తిప్పి వెనక వైపు చూశాడు. 10 కనబడగానే ఒక్క గెంతు గెంతాడు. చిట్టి గ్లవ్స్ వేసుకునే అన్నానికి కూర్చుంది. వదినకు ఉతికే పద్ధతి రాసిచ్చి వచ్చాను: జెర్సీ తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి, అచ్చు మీద ఇస్త్రీ పెట్టకూడదు, గ్లవ్స్ ఎండలో వేయకుండా నీడలో ఆరేయాలి, లేకపోతే అరచేతి మీది రబ్బరు పగుళ్లిస్తుంది.

2026 వరల్డ్ కప్ జూన్ 11న మొదలు, ఇక జాతీయ జట్ల జెర్సీల మీద పడతారు అందరూ. అర్జెంటీనాది కొనేవాళ్లు గుర్తు పైన మూడు నక్షత్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి, 1978, 1986, 2022 గెలుపులకు ఒక్కోటి, రెండే ఉంటే అది పాత డిజైన్. చిట్టి ఇప్పటికే అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్, 23 నంబర్ అని చెప్పి పెట్టింది. పిల్లల సైజులో ఆ కీపర్ జెర్సీ ఒరిజినల్‌ది బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతుంటే తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.