మూడున్నర బారల మోకు

లండన్ ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో రైలెక్కితే ముప్పావుగంటలో లీ-ఆన్-సీ. బెన్‌ఫ్లీట్ దాటాక కుడివైపు కిటికీలో ఇళ్లు పోయి బురదనేలలు మొదలయ్యాయి. ఎడమవైపు గుట్ట మీద హాడ్లీ కోట మొండిగోడలు. నేను దిగేసరికి సముద్రం పాటు మీద ఉంది. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటది. నీళ్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. బోట్లన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. మా ఉప్పాడ వైపు సముద్రం ఇంతింత దూరాలు వెనక్కి పోదు. అందుకని కాసేపు అలా చూస్తూ నిలబడిపోయాను.

మా పెదనాన్నలు ఇద్దరూ వేటకి వెళ్లినవాళ్లే. అందుకేనేమో, డంకర్క్ గురించి చదువుతుంటే సేనాపతుల కంటే జాలర్ల దగ్గరే నా కళ్లు ఆగేవి. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 మే 26 నుంచి జూన్ 4 దాకా, జర్మన్లు ఫ్రాన్స్ తీరంలోని ఆ రేవుకి తరుముకొచ్చిన మిత్రరాజ్యాల సైనికుల్లో 3,38,226 మందిని ఓడల్లో, పడవల్లో ఇంగ్లండు చేర్చారు. మే 31న లీ నుంచి గుల్లలు ఏరే బోట్లు ఆరు అక్కడికి బయల్దేరాయి. ఎండెవర్, లెటీషియా, డిఫెండర్, రిలయన్స్, రెజల్యూట్, రినౌన్. వాటిలో అయిదే తిరిగొచ్చాయి.

నేను వచ్చింది ఆ రాని బోటు కోసం. రినౌన్ మీద నలుగురున్నారు. హ్యారీ నోక్స్, ఫ్రాంక్ ఆస్బోర్న్, లెస్లీ ఆస్బోర్న్ ఊరివాళ్లు. నాలుగో మనిషి హెరాల్డ్ పోర్టర్, నేవీ నావికుడు. నిజం చెప్పాలంటే నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది ఆ నాలుగో పేరే. ఊరివాళ్ల కోసం ఊరు ఏడుస్తుంది. ఆ ఒక్క ప్రయాణానికి బోటెక్కినవాడి కోసం ఎవరు ఏడ్చారు? మా వైపు కొత్త మనిషి కనపడితే ముందు అడిగే మాట "ఎవరి తాలూకు?" అని.

పాత లీ అంటే రైలు పట్టాలకీ నీళ్లకీ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క వీధి. దాని పడమటి కొసన గుల్లలు ఉడికించే షెడ్లు వరసగా ఉన్నాయి. కాకినాడ అఖాతంలో మనవాళ్లు ఏరే గుల్లల్లాంటివే ఇవీ, కాకపోతే చిన్నవి. వాటిని ఆవిరి మీద ఉడికించి, చిన్న డబ్బాలో పోసి, వెనిగరు, తెల్ల మిరియాల పొడి చల్లి ఇస్తారు. తిన్నాను. ఉప్పూ పులుపూ తప్ప ఇంకే రుచీ తెలియలేదు. ఇంత చింతపండు, నాలుగు పచ్చిమిరపకాయలు పడితే దారిలోకొస్తాయి అనిపించింది. అడుగున ఇసుక మాత్రం పంటి కింద కరకరలాడింది.

ఆ ఇసుకే ఈ బోట్లని డంకర్క్ తీసుకెళ్లింది. గుల్లల బోటుకి లోతు తక్కువ, అడుగు చదును. ఇక్కడికి తూర్పున మ్యాప్లిన్ ఇసుక దిబ్బలున్నాయి. ఆ రోజుల్లో పాటు వచ్చినప్పుడు బోటుని ఆ దిబ్బ మీదే కూచోబెట్టేసేవాళ్లు. మనుషులు దిగి, పళ్లగొర్రులతో గుల్లలు గీకి, బుట్టలతో మోసి బోటు నింపుకునేవాళ్లు. పోటు వచ్చి బోటుని లేపితే ఇంటికి. పెద్ద యుద్ధనౌకలు డంకర్క్ ఒడ్డుకి చేరలేకపోయాయి, అక్కడ నీళ్ల లోతు అంత తక్కువ. ఇలాంటి బోట్లయితే ఎక్కడికైనా దూరతాయి. రేవుగోడ నుంచి సైనికుల్ని ఎక్కించుకోవడం, బయట ఆగిన ఓడలకి చేర్చడం, మళ్లీ వెనక్కి రావడం. పైన విమానాలు, చుట్టూ గుండ్లు. వీళ్లలో బహుశా ఎవరూ అంతకు ముందు కాల్పుల మధ్యకి వెళ్లి ఉండరనీ, అయినా వరస చెదరకుండా నడిపారనీ నౌకాదళం తర్వాత రాసుకుంది.

వీధిలో ఒక షెడ్డు మీద ఆస్బోర్న్ అన్న ఇంటిపేరు ఇప్పటికీ ఉంది. గుల్లలమ్మే ఆవిడని రినౌన్ గురించి అడిగితే, చేతులు తుడుచుకుంటూ కొండ మీదున్న చర్చి వైపు చూపించింది. పోర్టర్ గురించి అడిగాను. "ఆ నేవీ అతనా," అంది, అంతే.

సెయింట్ క్లెమెంట్స్ చర్చికి మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. అక్కడ 1609లో చనిపోయిన మేరీ ఎల్లిస్ సమాధి ఉంది. ఆవిడ 119 ఏళ్లు బతికిందని దాని మీద చెక్కారు. నేను నమ్మలేదు గానీ, దాని పైన పడ్డ గాళ్లు చూస్తే ముచ్చటేసింది. నావికులు కత్తులు నూరుకున్న గుర్తులట అవి. రినౌన్ వాళ్ల జ్ఞాపక చిహ్నం ఈ చర్చి ఆవరణలోనే ఉంది. ఊరివాళ్ల పేర్ల పక్కనే, వాళ్లతో సమానంగా, పోర్టర్ పేరు. ఎవరి తాలూకు అన్న నా ప్రశ్నకి ఆ ఊరు రాతి మీదే జవాబు చెక్కేసి పెట్టింది.

లెటీషియా నడిపిన ఆర్థర్ డెంచ్ ఆ రాత్రి సంగతి చెప్పాడు. జూన్ 1, అర్ధరాత్రి దాటాక తిరుగు ప్రయాణం. వెనక నుంచి రినౌన్ వచ్చి, ఇంజిను పాడైందని కేకేసింది. ఒంటిగంటా పావుకి మోకు అందించి లెటీషియా వెనక కట్టుకున్నారు. రెండు బోట్లకీ మధ్య మూడున్నర బారలు. పని అయిపోయినట్టేనని లెటీషియా మీద కొందరు నడుం వాల్చారు. ఒంటిగంటా యాభైకి వెనక పేలుడు. చెక్క పేళ్లు వానలా వీళ్ల డెక్కు మీద పడ్డాయి. ముందు బోటుకి తగలని మందుపాతర వెనక బోటుకి తగిలింది. కటిక చీకటి. చేయగలిగింది మోకు లాక్కోవడం ఒక్కటే. లాగితే, అందించినప్పుడు ఎలా ఉందో అలాగే వచ్చిందట.

కిందికి దిగి రేవులో ఎండెవర్‌ని చూశాను. ఆరింట్లో ఒకటైన ఆ బోటుని బాగుచేసి నిలబెట్టుకున్నారు. దాని పక్కన నిలబడితే మూడున్నర బారలంటే ఎంతో చూడాలనిపించింది. పెద్ద పెదనాన్న మోకు కొలిచేటప్పుడు రెండు చేతులూ బార్లా చాపి, ఛాతీ మీదుగా లాగుతూ పైకి లెక్కపెట్టేవాడు. నా దగ్గర మోకు లేదు. గట్టు కమ్మీ మీద చేతులు చాపుకుంటూ నడిచాను. ఒకటి, రెండు, మూడు. సగం దగ్గర ఒక బల్ల. దాని మీద ఒక ముసలాయన గుల్లలు తింటున్నాడు.

గొంతు పెంచక్కర్లేదు. మామూలుగా మాట్లాడుకునేంత దూరం.

"ఏదైనా పారేసుకున్నావా?" అన్నాడాయన, మొదలుపెట్టిన చోటు వైపు చూస్తూ.

లేదండీ, కొలుస్తున్నాను అన్నాను. ఆయన కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. పోటు మొదలైంది. బురదలో ఒరిగిన బోట్లలో మొదటిది కదిలింది.