శాన్ హోసేలో ఒకయామా కొలను

అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ హోసే కెల్లీ పార్కులో ఉన్న జపనీస్ ఫ్రెండ్‌షిప్ గార్డెన్‌కి వెళ్లినవాళ్లు చాలామంది వంతెన మీద ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ తోట ప్రాణం మాత్రం కొలనులో ఉంది. 1957లో ఈ ఊరికీ జపాన్‌లోని ఒకయామాకూ సోదర నగర బంధం కుదిరింది. అక్కడి కొరాకుయెన్ తోట నమూనాగా 1965లో ఇక్కడ ఆరెకరాల్లో ఈ తోట వెలిసింది. మరుసటి ఏడాది ఒకయామా నుంచి కోయి అనే రంగురంగుల అలంకార చేపలొచ్చాయి.

రెండు తోటలకూ పక్కనే ఏరుంది. అసాహి నది పొంగి 1934లో కొరాకుయెన్ దెబ్బతింది. 2017 ఫిబ్రవరిలో కయోటీ క్రీక్ పొంగి శాన్ హోసే తోట మునిగింది.

వరద తగ్గాక కొలనులో ఒండ్రు ఎత్తిపోయడం కష్టమే గానీ, అసలు కీలకం నీళ్లను శుభ్రం చేసే ఫిల్టర్. చేపల మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్‌లో జిగటగా పట్టి ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ జిగటను మురికి అనుకుని కుళాయి నీళ్లతో కడిగితే అందులోని క్లోరిన్‌కు బాక్టీరియా చచ్చిపోతుంది. మళ్లీ నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అందుకే ఫిల్టర్‌ను కొలను నీళ్లలోనే జాడించాలి. చేపల్ని ఒక్కసారిగా కాకుండా కొన్ని కొన్నిగా వదలాలి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒకటి రెండు రోజులు నిలవ ఉంచితే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్ అలా పోదు, సోడియం థయోసల్ఫేట్ అనే రసాయనం కలపాలి. అప్పుడు కూడా అమ్మోనియా మిగులుతుంది కాబట్టి నీళ్లు ఒక విడతకు పదో వంతు మించి మార్చకపోవడమే మంచిది.

కొత్త చేపను నేరుగా కొలనులో వేయడం ఇంకో పెద్ద తప్పు. కోయి హెర్పిస్ వైరస్ సోకి బతికిన చేప, పైకి నిగనిగలాడుతూనే రోగాన్ని మోసుకొస్తుంది. మొప్పలు తెల్లమచ్చలుగా కుళ్లడం మొదలైతే రోజుల్లోనే కొలను ఖాళీ అవుతుంది. విడిగా, వెచ్చని నీళ్లలో కొన్ని వారాలు గమనించాకే కలపాలి.

మన పిల్లలు వేసే బ్రెడ్డు, మరమరాలు కూడా చివరికి అమ్మోనియాయే. నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే చేపకు మేత సరిగా అరగదు. తెల్లవారుజామున అవి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలని అనుకోకండి. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును పీల్చేయడంతో ఆ వేళకు నీళ్లలో అది బాగా తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు మేత వేయకుండా, తోట సిబ్బందిని పిలవండి.