సొరుగులో దొరికిన జేబు గడియారాలు: మూడింటి వయసు తేలింది

మా పాత చెక్క బీరువా కింది సొరుగులో నాలుగు జేబు గడియారాలు దొరికాయి. వాటిలో మూడింటి కాలం ఇప్పటికి తేలింది, నాలుగోది సగంలో ఉంది. మాది ఒడిశాలోని రాయగడ. పార్వతీపురం నుంచి బరంపురం దాకా ఎవరిని కదిపినా "మా తాతగారిది ఒకటి ఇంట్లో పడి ఉంది" అంటారు. వాళ్లకి పనికొస్తుందని చూసిన పద్ధతితో సహా రాస్తున్నాను.

ముందు రెండు జాగ్రత్తలు. దొరికిన వెంటనే కీ ఇవ్వకండి. లోపలి నూనె ఏళ్ల తరబడి ఎండి గట్టిపడి ఉంటుంది, ఆ స్థితిలో నడిపితే ఇరుసులు అరిగిపోతాయి. వెండి కదా అని విభూతితోనో, చింతపండుతోనో, పళ్లపొడితోనో తోమకండి. వయసు చెప్పేవి మూత లోపలి ముద్రలే. అరిగాక వాటిని ఎవరూ తిరిగి తేలేరు.

నేను వాడిన సామాను పది రెట్లు పెద్దది చేసి చూపే లూపు, ఫోను టార్చి, మెత్తటి బ్రష్, వెడల్పు కొలిచే వెర్నియర్ కాలిపర్. వెనక మూత అంచున చిన్న నొక్కు ఉంటే అక్కడ గోరు పెట్టి లేపితే వస్తుంది. నొక్కు గానీ మడతబందు గానీ కనబడకపోతే అది మరమూత అయి ఉండొచ్చు, అరచేతితో అదిమి ఎడమవైపు తిప్పి చూడాలి. కత్తి మొన మాత్రం పెట్టొద్దు.

ఇంకో సంగతి మొదట్లోనే మనసులో పెట్టుకోవాలి. కేసు, అంటే బయటి తొడుగు, ఒకచోట, లోపలి మెషిన్ ఒకచోట తయారై ఉండొచ్చు. మధ్యలో ఎవరో డయలు మార్చి ఉండొచ్చు. అందుకని ఒక్క గుర్తు చూసి సంవత్సరం చెప్పేయకూడదు. ప్రతి గుర్తూ "ఇంతకంటే ముందుది కాదు" అనో "దీని తర్వాతది కాదు" అనో ఒక హద్దు ఇస్తుంది. ఆ హద్దుల్ని దగ్గరకి జరుపుకుంటూ పోవడమే పని.

అన్నిటికంటే బాగా తేలింది వెండి కేసున్న వాల్తమ్ కంపెనీ గడియారం. వెనక మూత తెరిచి టార్చిని నేరుగా వేస్తే మెరుపు తప్ప ఏమీ కనబడలేదు. పక్కవాటుగా, దాదాపు మూతకి ఆనించి పట్టుకుంటే ముద్రలు లేచి కనబడ్డాయి: లంగరు, నడుస్తున్న సింహం, ఇంగ్లీషు చిన్నబడి జి, వాటి పైన ఎ.ఎల్.డి. అనే అక్షరాలు. లంగరు బర్మింగ్‌హామ్ (ఇంగ్లండు) వెండి పరీక్షా కార్యాలయం గుర్తు. సింహం 92.5 శాతం వెండికి గుర్తు. సంవత్సరం చెప్పేది అక్షరం, అది ఏడాదికొకటి మారేది. బర్మింగ్‌హామ్‌లో 1900లో చిన్నబడి ఎతో కొత్త వరుస మొదలైంది, ఆ లెక్కన జి అంటే 1906-07. ఇక్కడ తొందరపడకూడదు. అదే అక్షరం వేరే వరుసల్లోనూ వస్తుంది, కాబట్టి అక్షరం రాసిన తీరు, చుట్టూ ఉన్న డాలు ఆకారం పట్టికతో కలవాలి. మా దానికి కలిశాయి.

ఎ.ఎల్.డి. అంటే ఏరన్ లఫ్కిన్ డెన్నిసన్. అమెరికాలో వాల్తమ్ గడియారాల పరిశ్రమకి పునాది వేసినవాళ్లలో ఆయనొకడు. తర్వాత బర్మింగ్‌హామ్ వెళ్లి కేసుల కార్ఖానా పెట్టాడు. మెషిన్ మీద నంబరు కోటీ 43 లక్షల చిల్లర. వాల్తమ్ నంబర్ల పట్టికలో అది 1905 ప్రాంతం. మెషిన్ మీదున్న కంపెనీ పేరు అమెరికన్ వాల్తమ్ వాచ్ కంపెనీ. 1906లో ఆ పేరులోంచి "అమెరికన్" తీసేశారు. మూడు సాక్ష్యాలూ ఒకచోటికి వచ్చాయి. అమెరికాలో తయారైన మెషిన్ బర్మింగ్‌హామ్‌లో వెండి తొడుక్కుని రాయగడ చేరిందని తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది ఒమేగా. లోపలి మూత మీద "గ్రాండ్ ప్రీ, పారిస్ 1900" అని ఉంది. ఇలాంటిది చూసి చాలామంది 1900 నాటి వాచీ అనుకుంటారు. అది కంపెనీకి బహుమతి వచ్చిన సంవత్సరం, అంతకు ముందుది కాదని చెప్పడానికే పనికొస్తుంది. మెషిన్ నంబరు 46 లక్షల పైన. ఒమేగా నంబర్లు 1912లో 40 లక్షలకి, 1916లో 50 లక్షలకి చేరాయి గనుక ఇది 1914 అటూ ఇటూ. కేసులో 0.800 అంకె పక్కన అడవికోడి బొమ్మ ఉంది, స్విస్ వాళ్లు 80 శాతం వెండికి వేసే ముద్ర. 87.5 శాతమైతే ఎలుగుబంటి ఉంటుంది.

మూడోదాని మీదే ఇంట్లో వాదన. వెనక మూత నిండా రైలింజను బొమ్మ. అది ముత్తాతకి రైల్వే వాళ్లు ఇచ్చిందని మా చిన్నాన్న గట్టి నమ్మకం. పర్లాకిమిడిలో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరకి తీసుకెళ్తే, "బొమ్మ చూసి ఏటి చెప్పగలం బాబూ? మెషిన్ చూడాల" అని తెరిచారు. మామూలు గడియారంలో నడిమధ్యన ఉండే చక్రం ఇందులో లేదు. స్ప్రింగు డబ్బా మాత్రం చాలా పెద్దది. ఇది రాస్కాఫ్ పద్ధతి. పనివాళ్లు కూడా కొనుక్కోగలిగే ధరలో గడియారం ఉండాలని జార్జెస్ ఫ్రెడెరిక్ రాస్కాఫ్ 1867లో తెచ్చిన మెషిన్ అది. తర్వాత ఎన్నో కార్ఖానాలు అదే పద్ధతిలో చేసి, ఇంజను బొమ్మ వేసి, "రైల్వే" పేరు తగిలించి అమ్మాయి. రైల్వే ఇచ్చినదైతే కంపెనీ పొడి అక్షరాలు, నంబరు చెక్కి ఉండాలి. ఇందులో అవి లేవు.

దీని కాలం తేల్చింది గడియారం కాదు, అది వచ్చిన చెక్కపెట్టె. దాని మీద కలకత్తా నుంచి వి.పి.లో, అంటే డబ్బు కట్టి విడిపించుకునే పోస్టులో, పంపిన చీటీ, ఐదో జార్జి తల ఉన్న స్టాంపులు ఉన్నాయి. చిరునామాలో రాయగడ, విశాఖపట్నం జిల్లా అని ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి మనం కొరాపుట్ జిల్లా కాకముందు రాసిన చిరునామా. పాత అలవాటుకి ఒకటి రెండేళ్లు వదిలిపెట్టినా, ఐదో జార్జి స్టాంపులు 1911 తర్వాతివి కాబట్టి మధ్యలో పాతికేళ్లే మిగిలాయి. పాత ఇంట్లో గడియారం దొరికితే పక్కనున్న పెట్టెని, కాగితాన్ని, గుడ్డని పారేయొద్దని ఇందుకే అంటున్నాను. ముత్తాత సొంత డబ్బు పెట్టి తెప్పించుకున్నదని చెప్పాక చిన్నాన్న దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

నాలుగోది ఏ బొమ్మా లేని నికెల్ కేసు. డయలు మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, బొంబాయి, కలకత్తా. వెనక బి.ఎన్.ఆర్. అని, కింద నంబరు చెక్కి ఉంది. రైల్వేది నిజానికి ఇదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది, 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది. మా ఊరి మీదుగా పోయే రాయపూర్-విజయనగరం లైను పూర్తయింది 1931లో. మూత లోపల సూదితో గీసిన సన్నటి అంకెలు పెద్దాయన కంటికే చిక్కాయి: 17-8-37. బాగుచేసినవాళ్లు తేదీ, చీటీ నంబరు అలా గీసుకునేవారట. అంటే 1937 ఆగస్టుకే ఇది వాడకంలో ఉంది.

ముందువైపు హద్దు మాత్రం ఇంకా దూరంగానే ఉంది. వెస్ట్ ఎండ్ వాళ్లు స్విస్ కార్ఖానాల నుంచి మెషిన్లు తెప్పించుకునేవారు, కొన్నిట్లో లాంజిన్స్ మెషిన్లు కూడా ఉంటాయి. దీని పైభాగంలో ఏ గుర్తూ లేదు. మెషిన్ వెడల్పు కొలిస్తే 43 మిల్లీమీటర్లు, వాచీవాళ్ల లెక్కలో 19 లీన్లు. తయారీదారు గుర్తు డయలు అడుగున ఉండొచ్చు. ముళ్లు, డయలు విప్పడం నేను చెయ్యదలుచుకోలేదు. పింగాణీ డయలుకి చిన్న ఒత్తిడి చాలు, బీట పడుతుంది. వానలు తగ్గాక తెమ్మన్నారు పెద్దాయన. అప్పటిదాకా నాలుగూ విడివిడి డబ్బాల్లో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి.