పేరు రాయని దరఖాస్తు

మాది చర్ల మండలంలోని ఒక చిన్న కోయ పల్లె. గిరిజన సంక్షేమ గురుకులంలో చదువుకుని, ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్న నాకు, రెండో సంవత్సరం సగం గడిచేవరకు పరిశోధన అంటే పెద్ద నగరాల్లో పెద్ద డాక్టర్లు చేసే పని అనే అభిప్రాయమే ఉండేది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల చేత రెండు నెలల పరిశోధన చేయించి ఉపకార వేతనం ఇస్తోందని, షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అనే ఆ పథకాన్నే అందరూ ఎస్‌టీఎస్ అంటారని హాస్టల్లో ఒక సీనియర్ అక్క చెప్పేదాకా నాకు తెలియదు. నాలాగే ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన ఏజెన్సీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మొదటి కష్టం గైడ్ దొరకడం. సొంత కళాశాల అధ్యాపకులే గైడ్‌గా ఉండాలి. ఒక గైడ్ ఒక ఏడాదిలో ఒక్క విద్యార్థినే తీసుకోవాలి. నేను ముందుగా కలిసిన ఒక అధ్యాపకుడు, "సబ్జెక్టులు పాసవ్వు, తర్వాత చూద్దాం" అన్నారు. నా మార్కులు ఎన్నో ఆయన అడగలేదు. ఆ మాట పట్టుకుని వారం రోజులు బాధపడ్డాక, అక్క ధైర్యం చెప్పి కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్ దగ్గరకు పంపింది. మేడమ్ అడిగింది ఒక్కటే: "నీకు నిజంగా ఏం తెలుసుకోవాలని ఉంది? ఒక్క వాక్యంలో చెప్పు."

నాకు మా చిన్నమ్మ కొడుకు గుర్తొచ్చాడు. చలికాలం వస్తే చాలు, కాళ్లూ చేతులూ విరిగిపోతున్నాయని రాత్రంతా ఏడ్చేవాడు. వాతం అనుకుని పసరు కట్టారు. పన్నెండేళ్లు నిండకుండానే పోయాడు, జబ్బు పేరు ఎవరికీ తెలియకుండానే. పాథాలజీ పాఠంలో కొడవలి ఆకారపు ఎర్ర రక్తకణాల బొమ్మ చూసిన రోజున నాకు కలిగిన అనుమానాన్ని అప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు, మేడమ్‌తో చెప్పాను. మా ఆసుపత్రికి ఏజెన్సీ మండలాల నుంచి వచ్చే గర్భిణులకు సికిల్ సెల్ గురించి, అంటే రక్తకణాలు అలా కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి సంక్రమించే ఆ జబ్బు గురించి, ఏం తెలుసో అడిగి, ఒప్పుకున్నవారికి పరీక్ష చేయాలని అనుకున్నాం. 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది కనుక, ఈ ప్రశ్నకు విలువ ఉందని మేడమ్ అన్నారు.

ఎంతమందిని చూడాలి అన్నదగ్గర నేను భయపడ్డాను గానీ, లెక్క తేలికే. అవగాహన ఎంతమందికి ఉందో ముందుగా తెలియదు కాబట్టి సగం మందికి ఉందనుకుని, పది శాతం తేడాకు సిద్ధపడితే, 4 × 50 × 50ని 10 × 10తో భాగించాలి. అంటే 100 మంది.

ప్రతిపాదన రాయడంలో ఒక నియమం నా మనసులో నిలిచిపోయింది. అందులో విద్యార్థి పేరు, గైడ్ పేరు, కళాశాల పేరు ఎక్కడా కనిపించకూడదు. ఏ కోటాలో సీటు వచ్చిందని మొదటి రోజు నుంచీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్న నాకు, నా పేరూ ఊరూ తెలియని మనిషి నా ప్రశ్నను మాత్రమే చదివి తీర్పు చెబుతారన్న సంగతి ఎంత ఊరట ఇచ్చిందో చెప్పలేను. ఎంపికైన జాబితాలో నా నంబరు చూసుకున్న రోజు ఆ ప్రతిపాదనను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదువుకున్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే పని మొదలుపెట్టకూడదు. కమిటీలో ఒకరు, "చదవడం రానివారి దగ్గర, తెలుగు సరిగా అర్థం కానివారి దగ్గర సమ్మతి ఎలా తీసుకుంటావు?" అని అడిగారు. వేలిముద్రతో పాటు పరిశోధనకు సంబంధం లేని సాక్షి సంతకం తీసుకుంటానని, విషయమంతా కోయ భాషలో నేనే వివరిస్తానని చెప్పాను. ఇంగ్లీషు తడబడుతుందని రెండేళ్లు తల దించుకుని తిరిగిన కాలేజీలో, నా భాష ఒక అర్హతగా లెక్కలోకి రావడం అదే మొదటిసారి.

పరీక్ష చూడటానికి చాలా సులభం. వేలి కొసన తీసిన రక్తపు చుక్కను రసాయనం ఉన్న గొట్టంలో కలిపి, ఐదు నిమిషాలాగి, నల్లగీతలున్న తెల్లకాగితం ముందు పట్టుకోవాలి. గీతలు కనిపిస్తే సరే. ద్రవం మబ్బుగా మారి గీతలు కనిపించకపోతే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. అది జబ్బా, జబ్బు లేకుండా దాన్ని పిల్లలకు అందించగల వాహక స్థితా అన్నది, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలోనే తేలుతుంది. రక్తహీనత తీవ్రంగా ఉంటే మబ్బు సరిగా రాకుండా మోసపోతామని, అలాంటివారికి రక్తం రెట్టింపు తీసుకోవాలని మేడమ్ నేర్పారు. గర్భిణుల విషయంలో ఇది మరచిపోకూడదు.

అసలు కష్టం ఫలితం వివరించడంలో వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగో వంతు ఉంటుందని చెబితే, "అయితే ముగ్గురు పిల్లల దాకా భయం లేదు కదా బిడ్డా" అన్నదొక తల్లి. మరునాడు అష్టాచెమ్మాకు వాడినట్టు ఒకవైపు అరగదీసిన చింతగింజలు రెండు తీసుకెళ్లాను. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. ఒక్కోసారి వేస్తే ఒక కాన్పు. రెండూ తెల్లగా పడితే బిడ్డకు జబ్బు. మొదటిసారి వేయగానే రెండూ తెల్లగా పడినప్పుడు ఆమె ఇంకేమీ అడగలేదు, గింజలు చేతిలోకి తీసుకుని తనే మళ్లీ మళ్లీ వేసి చూసింది.

డబ్బు సంగతి ముందే తెలుసుకోండి. నేను చేసిన ఏడాది మొత్తం 50,000 రూపాయలు; అయితే రిపోర్టు ఆమోదం పొందాకే అది చేతికొస్తుంది. కిట్లు డిపార్ట్‌మెంటు ఇచ్చింది కానీ, జిరాక్సులకు, ప్రయాణాలకు నాన్న అప్పు తెచ్చారు. ఆ తర్వాత తీర్చాం.

వందమందీ పూర్తయి, నేను రిపోర్టు రాసుకుంటున్న రోజుల్లో, చింతగింజలు వేసి చూసిన ఆ తల్లి గుండాల వైపు నుంచి భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. తను వాహకురాలని అప్పటికే తేలింది. ఆయన రక్తం కలిపిన గొట్టాన్ని కాగితం ముందు పట్టుకుంటే గీతలు స్పష్టంగా కనిపించాయి. మేడమ్ ఆ నమూనాను కూడా హెచ్‌పీఎల్‌సీకి పంపారు. ఆయన లెక్క నా రిపోర్టులో లేదు. వెళుతూ ఆమె, ఊళ్లో తన చెల్లెలికి చూపిస్తానని ఆ రెండు గింజలూ అడిగి తీసుకెళ్లింది.