బూరెగాడికి డేట్ తెలుసు

మా చిన్నదానికి పదమూడో ఎక్కం రాదు. మా కుక్క చర్మం కింద ఉన్న మైక్రోచిప్ నెంబరు మాత్రం పదిహేను అంకెలూ తడుముకోకుండా చెబుతుంది, అదీ తెలుగులో. తణుకులో ఉన్న వాళ్ల నానమ్మ వాట్సాప్ వీడియోలో కూర్చోబెట్టి వల్లె వేయించింది. "తొమ్మిది, ఎనిమిది, ఐదు... ఊఁ, తరవాత?" అంటూ. అప్పట్లో అది ఇద్దరికీ ఆట. ఆ ఆట మాకు ఏం పని చేసిపెట్టిందో చెప్పాలంటే ముందు బూరె సంగతి చెప్పాలి.

2020లో అందరం ఇళ్లలో కూర్చున్న రోజుల్లో, డాలస్ పక్కన అర్వింగ్‌లో ఉండగా షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం వాణ్ణి. జాతి ఏమిటంటే చెప్పలేం, రెండు మూడు కలిశాయి. గోధుమ రంగు, ముడుచుకుని పడుకుంటే అచ్చం నేతిలో వేగిన బూరె. వెట్ దగ్గర, అంటే కుక్కల డాక్టరు దగ్గర, మాత్రం ఆ పేరుని ఒక్కొక్కరు ఒక్కోలా పిలుస్తారు. అన్నిటికీ తోక ఊపుతాడు.

మా అత్తయ్య 2022లో ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి "కుక్కని ఇంట్లో తిరగనిస్తారా అమ్మాయ్?" అన్నారు. మడీ ఆచారం గొడవ కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే వేరే కథ. ఆవిడ చిన్నప్పుడు తమ్ముణ్ణి వీధికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేయించారట. రోజూ ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు వాడు పెట్టిన కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయంటారు. మా అమ్మమ్మల ఇళ్లలో ఎవర్ని కదిపినా ఇలాంటి కథ ఒకటి వినబడేది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు ఇంజెక్షన్లతో పోతోంది గానీ, 'బొడ్డు చుట్టూ పద్నాలుగు' అన్న మాట మన నోళ్లలో అలాగే ఉండిపోయింది.

రెండో నెలకల్లా ఆవిడ వంటింట్లో ఉంటే వాడు గడప దగ్గర. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి వాడే తెలుగు నేర్చుకున్నాడు. రా, కూర్చో, వద్దు, అవతలికి పో, పెరుగన్నం. ఆవిడ వెళ్లిపోయాక 'సిట్' అంటే మన మొహం చూసేవాడు, 'కూర్చో' అంటే టక్కున కూర్చునేవాడు. దాంతో పిల్లలూ వాడితో తెలుగులోకి దిగక తప్పలేదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మావాడు, "ఒరేయ్ బూరెగా, నా సాక్సు ఎక్కడ దాచావురా, మర్యాదగా చెప్పు" అని వాణ్ణి నిలదీస్తుంటే పక్కగదిలో ఊపిరి బిగబట్టి విన్నాను. ఆదివారం తెలుగు క్లాసులకి మూడేళ్లు కట్టిన ఫీజు సంగతి ఇక్కడ ఎత్తను.

అందుకే ఆస్ట్రేలియా వెళ్లిపోదామని అనుకున్నాక, "కుక్కనెవరికైనా ఇచ్చేసి అక్కడ ఇంకోటి కొనుక్కోండి" అన్నవాళ్లతో వాదన పెట్టుకోలేదు. చుట్టాల్లో ఒకాయన లెక్క కూడా వేసి చూపించాడు. మా నలుగురి టికెట్లూ కలిపినా వాడొక్కడి ఖర్చు ఎక్కువేనని. లెక్క నిజమే.

ఎందుకు వెళ్లామంటే, తెలిసిన కథే. అమెరికాలో నాది హెచ్1బీ, ఉద్యోగ వీసా. మావాడు హైదరాబాద్‌లో పుట్టి ఏడాదిన్నరప్పుడు వచ్చాడు, నా వీసా మీద డిపెండెంట్. చిన్నది అమెరికాలోనే పుట్టింది, అమెరికన్. మా గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్, అంటే లైనులో మా చోటు చెప్పే తేదీ, 2014. 2024 మొదట్లో మనవాళ్లకి ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ2 లైను ఇంకా 2012 దగ్గరే ఉంది. రెండేళ్లే కదా అనిపిస్తుంది, కానీ ఆ తేదీ నాలుగడుగులు ముందుకేసి, ఉన్నట్టుండి ఏళ్లు వెనక్కి పోతుంది. ఇరవై ఒకటి నిండితే మావాడు నా వీసా మీంచి దిగిపోతాడు. ఈలోగా ఆస్ట్రేలియా పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. మా ఆయన జనవరిలోనే మెల్బోర్న్ వెళ్లి ఉద్యోగంలో చేరారు. పిల్లలకి స్కూలు పూర్తయ్యేదాకా, బూరెకి కాగితాలు పూర్తయ్యేదాకా నేను అమెరికాలోనే.

ఇక ఆ కాగితాలు. ఆస్ట్రేలియాలో కుక్కల రేబిస్ లేదు, రానివ్వరు కూడా. దేశాలన్నిటినీ గ్రూపులుగా విడగొట్టారు. న్యూజిలాండ్ ఒకటో గ్రూపు, అమెరికా మూడో గ్రూపు. మూడో గ్రూపు నుంచి కుక్క రావాలంటే ముందు చిప్ ఉండాలి. ఆ చిప్‌ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న వెట్ స్కాన్ చేసి, ఈ కుక్క ఈ కుక్కే అని రాసివ్వాలి. ఇది టీకా పరీక్షకి రక్తం తీయకముందే జరిగిందా, అక్కడ క్వారంటైన్ పది రోజులు. లేదంటే ముప్పై. ఈ ఒక్క ముక్క తెలియక ఇరవై రోజులు అదనంగా పోగొట్టుకున్నవాళ్లున్నారు, కనుక ఎవరైనా ఆలోచిస్తుంటే మొదటి రోజే వెట్‌ని అడగండి. తరవాత రేబిస్ టీకా. టీకా వంటపట్టిందో లేదో రక్తం తీసి ల్యాబ్‌కి పంపాలి. యాంటీబాడీలు 0.5 యూనిట్లయినా ఉండాలి. ఆ రక్తం ల్యాబ్‌కి చేరిన రోజు నుంచి 180 రోజులు ఆగాలి. అప్పటిదాకా విమానం మాట ఎత్తకూడదు.

పిల్లలు మండిపడ్డారు. ఆర్నెల్లా, వాడికి ఏ జబ్బూ లేదని రిపోర్టులో ఉంటే ఇంకెందుకు ఆపడం అని. జబ్బు ఒంట్లోకి వచ్చి నెలల తరబడి బయటపడకుండా దాక్కుంటుంది, అందుకు అని నేను చెబితే ఎక్కలేదు. అత్తయ్య చెబితే ఎక్కింది. "మా తమ్ముడికి ఇంజెక్షన్లు అయిపోయాక కూడా మా అమ్మ ఏడాది పాటు వాడు మంచినీళ్లు తాగుతుంటే నిలబడి చూసేదిరా" అన్నారు. నీళ్లు చూసి భయపడతాడేమోనని. ఫోన్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఆవిడే, "ఆ జబ్బే లేని దేశం ఒకటుందా? మరైతే జాగ్రత్త పడరూ!" అన్నారు, ఆస్ట్రేలియా వాళ్లని మెచ్చుకుంటున్నట్టు.

హాలీవుడ్ నటుడు జానీ డెప్ కథ మావాడు పట్టుకొచ్చాడు. 2015లో ఆయన, అప్పటి ఆయన భార్య అంబర్ హెర్డ్ రెండు యార్క్‌షైర్ టెరియర్లని సొంత విమానంలో చెప్పాపెట్టకుండా తెచ్చేస్తే, అక్కడి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ 'వెనక్కి తీసుకుపోతారా, చంపించమంటారా' అన్నాడు. అవి వెనక్కెళ్లిపోయాయి. మరుసటేడు కోర్టులో అంబర్ హెర్డ్ తప్పు ఒప్పుకుంది, ఇద్దరూ కలిసి క్షమాపణ వీడియో కూడా చేశారు. "సినిమా వాళ్లకి కూడా కుదరలేదా!" అని చిన్నది ఆశ్చర్యపోయింది. సినిమా వాళ్లకి కుదరని పని ఒకటుందని దానికి తెలియడం మంచిదే.

ఇండియా నుంచి సలహాలు వేరు. "ఆర్నెల్లే కదా, మా దగ్గరికి పంపెయ్యండి, పెరట్లో ఉంటాడు" అని మా ఆడపడుచు. మనసు మంచిదే గానీ అంతకంటే పెద్ద పొరపాటు ఉండదు. ఆస్ట్రేలియా వాళ్ల జాబితాలో ఇండియా పేరే లేదు. అక్కణ్ణించి నేరుగా రానివ్వరు. ముందు జాబితాలో ఉన్న మరో దేశానికి తీసుకెళ్లి, అక్కడ నెలల తరబడి ఉంచాలి. అంటే తణుకు పెరట్లో నాలుగు రోజులు ఆడుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

బూరె రక్తం జనవరి 17న ల్యాబ్‌కి చేరింది. వేళ్ల మీద లెక్కపెడితే జులై 15. విక్టోరియాలో మూడో టర్మ్ మొదలయ్యేదీ ఆ రోజే. ఇంత చక్కగా కుదిరిందేమిటా అనుకున్నాను. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఫిబ్రవరి నెలాఖరులో ల్యాబ్ రిపోర్టు వచ్చింది. శనివారం పొద్దున్న, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్. చిన్నది ఎదురుగా పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ మునిగాయో లేదో చూస్తోంది. నేను బూరెని ఆస్ట్రేలియా తీసుకెళ్లే పెర్మిట్ దరఖాస్తులోకి చిప్ నెంబరు ఎక్కిస్తూ రిపోర్టులోంచి పైకి చదువుతున్నాను, ఇంగ్లీషులో. అది తలెత్తకుండా తెలుగులో తన పాటకి తను అంటోంది. చివర్లో ఇద్దరి గొంతులూ విడిపోయాయి.

"అమ్మా, తప్పు. ఆరు, మూడు కాదు. మూడు, ఆరు."

"రిపోర్టులో అలాగే ఉందే."

"నానమ్మ అలా చెప్పలేదు."

చెంచా పెట్టేసి వెళ్లి బూరె టీకా కార్డు తెచ్చింది. మూడు, ఆరు. క్లినిక్ వాళ్లు ల్యాబ్‌కి పంపిన ఫారంలో రెండంకెలు తారుమారయ్యాయి. దిద్దించుకోవచ్చేమో అని ఫోన్ చేస్తే, రక్తం ట్యూబు మీద కూడా ఆ తప్పు నెంబరే రాశారని తేలింది. అంటే ఆ రక్తం ఏ కుక్కదో కాగితం ప్రకారం చెప్పలేం. మళ్లీ తీయాల్సిందే. క్లినిక్ వాళ్లు సారీ చెప్పారు, ఫీజు తీసుకోలేదు. పోయిన ఆరు వారాలు మాత్రం పోయినట్టే. కొత్త రక్తం మార్చి 1న చేరింది. 180 రోజులంటే ఆగస్టు 28.

నేను ఆ రాత్రి వంటింట్లో ఏడ్చాను. కుక్క కోసమని కూడా చెప్పలేను, ఎన్నేళ్ల నుంచో దాచుకున్నదేదో ఆ రెండంకెల దగ్గర తెగింది. మావాడు మంచినీళ్లకి వచ్చి చూశాడు. కాసేపు ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి, "అట్‌లీస్ట్ వీడికి డేట్ తెలుసమ్మా. ఆగస్టు ట్వెంటీ ఎయిట్. మనకెప్పుడైనా తెలుసా?" అన్నాడు. మళ్లీ నీళ్లు పట్టుకుని వెళ్లిపోయాడు. ప్రతి నెలా గ్రీన్‌కార్డు తేదీలు చెప్పే వీసా బులెటిన్ వచ్చిన రోజు మేమిద్దరం గదిలో గుసగుసగా మాట్లాడుకునేది వాడికి వినబడదని పదేళ్లుగా అనుకుంటున్నాను.

జులైలో పిల్లలిద్దరూ వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయారు. ఫర్నిచరంతా అమ్మేసిన ఇంట్లో గాలిపరుపు, రైస్ కుక్కరు, నేను, బూరె. చివరి 45 రోజుల్లో పని ఎక్కువ. బ్రూసెల్లా, లీష్మేనియా అనే జబ్బులు లేవని పరీక్షలు, పొట్టలో పురుగులకి రెండుసార్లు మందు, పేలూ గోమార్లూ పట్టకుండా మందు. టెక్సస్ ఎండాకాలంలో గడ్డిలోకి వెళ్తే గోమారు పట్టకుండా రావడం కష్టం. సాయంత్రం తిప్పుకొచ్చి కాళ్ల సందులూ చెవుల వెనకా ఫోన్ లైటుతో వెతికేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ నా తలలో పేలు చూసినట్టే, కదిలితే నెత్తిన ఒకటి.

ప్రయాణపు పెట్టె మాత్రం చాలా ముందే కొన్నాం. లోపల వాడు నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి, అదీ కొలత. ఏప్రిల్ నుంచీ అన్నం అందులోనే. మొదటి వారం మెడ మాత్రం లోపలికి పెట్టి తిని, మిగతా ఒళ్లంతా బయటే ఉంచుకునేవాడు. జూన్‌కి తనంతట తనే వెళ్లి గురక పెట్టేవాడు. నిద్రమందు ఇస్తే హాయిగా పోతాడు కదా అని చాలామంది అడిగారు. విమానంలో మందు మత్తు కుక్కకి ప్రమాదమని వెట్ ససేమిరా అంది.

ఆ పెట్టెలో ఏం పరచాలన్న దానిమీద పెద్ద గొడవే అయింది. అత్తయ్య వదిలేసి వెళ్లిన పాత నేతచీర మీదే వాడు పడుకునేవాడు. పిల్లలు వెళ్లకముందే అనుకున్నారు, చీర పెట్టాలని. అప్పుడు తెలిసింది, కుక్కతో పాటు వచ్చే గుడ్డలూ బొమ్మలూ అక్కడ దిగగానే పారేసి నాశనం చేసేస్తారని. చిన్నది చీర ఇవ్వనంటే ఇవ్వనంది. నానమ్మకి ఫిర్యాదు వెళ్లింది.

"చీరదేముందే, సగానికి చింపు" అన్నారావిడ. "సగం వాడికి, సగం నీకు. విమానంలో పదహారు గంటలు వాడు దానిమీద పడుకుంటే చాలదూ?"

చిన్నది కత్తెర తేలేదు. అంచు దగ్గర పంటితో కొరికి, నానమ్మ చూస్తుండగా చర్రున చింపింది. పువ్వులున్న సగం తన సూట్‌కేసులో పెట్టుకుంది.

సెప్టెంబరు మొదట్లో బూరె కార్గోలో ఎక్కాడు. అమెరికా నుంచి వచ్చే కుక్క ఏదైనా మెల్బోర్న్‌లోనే దిగాలి, అక్కణ్ణించి ప్రభుత్వ బండిలో మికిలమ్ అనే చోట ఉన్న క్వారంటైన్ సెంటర్‌కి. దేశం మొత్తానికి అదొక్కటే. మాకు దొరికిన అద్దె ఇల్లు క్రేగీబర్న్‌లో, మికిలమ్ పక్క ఊరే. పది రోజులూ వాడు మాకు కారులో పది నిమిషాల దూరంలో ఉన్నాడు, చూడ్డానికి మాత్రం వీల్లేదు. చిన్నది స్కూలు నుంచి వస్తూ ఆ దారిన తిప్పమని గొడవ. ఏం కనబడుతుంది, కంచె. అయినా రెండుసార్లు తిప్పాం.

పదకొండో రోజు వెళ్లి తెచ్చుకున్నాం. ఒక అమ్మాయి తలుపు తీసి వదిలింది. బూరె మా నలుగురినీ చూసి, ఏదో కొత్త షాంపూ వాసనతో అక్కడే నిలబడ్డాడు, గుర్తుపట్టాలా వద్దా అన్నట్టు. మావాడు మోకాళ్ల మీద కూర్చుని "ఒరేయ్ బూరెగా, రారా" అన్నాడు. తలుపు తీసిన అమ్మాయి అది ఏ భాష అని అడిగింది. వాడు చెప్పాడు.

కారు వెనక సీట్లో చిన్నది తన సగం చీర పరిచి సిద్ధంగా ఉంచింది. బూరె ఎక్కి, వాసన చూసి, మూడుసార్లు చుట్టూ తిరిగి పడుకున్నాడు. మూడో సిగ్నల్ దగ్గర దానిమీదే వాంతి చేసుకున్నాడు. చిన్నది లబోదిబోమంటూ వీడియో కాల్ కలిపింది. తణుకులో అప్పుడే తెల్లారుతోంది. అత్తయ్య కళ్లద్దాలు వెతుక్కుని చూశారు.

"ఉతికితే పోతుందిలే. వాడి పొట్ట ఖాళీ అయిపోయింది కదే, ఇంటికెళ్లగానే కాస్త పెరుగన్నం పెట్టు."